ఉప్పు అమ్ముకునేపాటి ఊపిరి

"ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకు బతకవచ్చు" అని మనవారు ఒక సామెత చెప్పారు. ధైర్యం సడలినవాడికి ఇంతకంటే మంచి మాట లేదు. కాని నాబోటి వైద్యుడు సామెతను కూడా తిన్నగా విని ఊరుకోడు కదా! ఉప్పు అమ్మడం అంత తేలిక వ్యవహారమా? గంప నెత్తిన పెట్టుకోవాలి. ఎండలో నాలుగు వీధులు తిరగాలి. వంటింట్లో పోపు చిటపటల మధ్య ఉన్న ఇల్లాలికి వినిపించేటట్టు కేక పెట్టాలి. మూడూ ఊపిరితో పనులే. ఊపిరి ఉంటే అన్నారు గాని, ఎంత ఉంటే అన్నది పెద్దలు చెప్పలేదు.

ఈ వారం నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి సరిగ్గా ఆ సంగతే అడుగుతున్నది. రాసినావిడ తన ఊరూ పేరూ వేయవద్దన్నారు గనుక విషయం మాత్రం చెబుతాను. ఆవిడ భర్తకు 38 ఏళ్ళు. ఒక బట్టల కొట్టులో గుమాస్తా. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల క్షయ వచ్చింది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మాత్రలు మింగారు. చివర కళ్ళె పరీక్షలో క్రిములు లేవన్నారు. నయమైందని కాగితం ఇచ్చారు. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నారట. కాని ఇప్పుడు కొట్టు పై అంతస్తు నుంచి తానులు దింపుకు రావాలంటే మెట్ల మధ్య రెండుసార్లు ఆగవలసి వస్తున్నది. తెల్లవారగానే దగ్గు, ఇంత కళ్ళె. మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే మచ్చ కనిపించింది. అది చూసి ఒక వైద్యుడు "తిరగబెట్టింది" అని, కళ్ళె పరీక్ష ఊసెత్తకుండానే మాత్రలు మళ్ళీ మొదటినుంచి వాడమని రాసి ఇచ్చారు. ఆ చీటీ ఇంకా పెట్టెలోనే ఉంది. అత్తగారు కొడుకు గ్లాసూ కంచమూ వేరు పెట్టారు. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి తండ్రి పక్కన పడుకోనివ్వడం లేదు. కొట్టు యజమాని, మెట్లెక్కలేనివాడు మనకెందుకన్న ధోరణిలో మాట్లాడుతున్నాడు.

ఆవిడ మూడు ప్రశ్నలు వేశారు. "మా వారి జబ్బు పోయినట్టా, పోనట్టా? పిల్లవాణ్ణి దగ్గరికి రానివ్వవచ్చునా? ఉద్యోగం మానిపించమంటారా?"

మూడూ ఒక కుటుంబం బతుకును తేల్చే ప్రశ్నలు. ఇలాంటి ఉత్తరాలు ఇదివరకు కూడా వచ్చాయి. అందుచేత ఒక్కరికి రాయవలసిన జవాబును నలుగురూ చదివేటట్టు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊపిరి లెక్క చూద్దాం. మనం ఊరకే కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసకు లోపలికి పోయే గాలి సుమారు అర లీటరు. గుండెల నిండా పీల్చి, ఇక లేదన్నంతవరకు వదిలితే, పెద్దవారిలో మూడు నుంచి ఐదు లీటర్ల దాకా బయటికి వస్తుంది. మనిషి ఎత్తునుబట్టి, వయసునుబట్టి, ఆడా మగా అన్నదానినిబట్టి ఈ లెక్క మారుతుంది. అంతా వదిలామనుకున్నా ఇంకో లీటరు పైచిలుకు గాలి లోపలే మిగిలి ఉంటుంది. ఊపిరితిత్తుల కొసల్లో 30 కోట్లకు పైబడిన చిన్నచిన్న గాలి తిత్తులు ఉన్నాయి. వాటి పలుచని గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు ఇంటి నేలంత వస్తుంది. గాలికీ నెత్తురుకూ ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది ఆ నేలమీదనే.

ఇందులో ఒక సంగతి గమనించండి. కూర్చున్నవాడికి కావలసింది అర లీటరు. ఉన్నది నాలుగు లీటర్లు. దేవుడు మనకు గాదె నిండా గింజలు పోసి పంపాడు. రోజూ వాడుకునేది సోలెడు. అందుకే ఊపిరితిత్తులలో మూడో వంతు పాడైనా, పడక్కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకునే మనిషికి లోటు తెలియదు. మెట్లెక్కినప్పుడు, బరువెత్తినప్పుడు, బస్సు కోసం పరుగెత్తినప్పుడు గాదె అడుగు కనిపిస్తుంది. "ఇంట్లో బాగానే ఉంటాడు, కొట్టుకు వెళ్ళేసరికి ఆయాసం వస్తుంది" అంటే అది సోమరితనం కాదు, నటన కాదు. అది లెక్క.

ఇక క్షయ ఏం చేస్తుందో చూద్దాం. క్రిమి ఊపిరితిత్తిలో చేరితే శరీరం దాని చుట్టూ గోడ కడుతుంది. ఆ గోడలోపలి కండ చచ్చి, జున్నులాగా మెత్తబడుతుంది. అది కరిగి ఏ గాలిగొట్టంలోకో దారి చేసుకుంటే దగ్గుతోపాటు బయటికి వచ్చేస్తుంది. అది ఉన్నచోట గుల్ల మిగిలిపోతుంది. మందులు పడ్డాక క్రిములు చస్తాయి, పుండు మానుతుంది. మానడమంటే మచ్చకట్టడం. కాలిన చెయ్యి మానినప్పుడు చర్మం ఎలా ముడుచుకుని పక్క చర్మాన్ని లాగుతుందో మీరు చూసే ఉంటారు. ఊపిరితిత్తిలోనూ అంతే. మచ్చ లాగడంవల్ల కొన్ని గాలిగొట్టాలు సాగి, సంచుల్లాగా వేలాడుతూ కళ్ళెను నిలవ చేసుకుంటాయి. కొన్ని సన్నబడి పిల్లికూతలు కూస్తాయి. ఊపిరితిత్తి మీది పొర మందమైతే ఊపిరితిత్తి విచ్చుకోవలసినంత విచ్చుకోదు. ఎవరిలో ఏది ఎంత జరిగిందన్నది జబ్బు ఎన్నాళ్ళు ముదిరిందన్న దానిమీద చాలావరకు ఆధారపడుతుంది.

కనుక అమ్మా, "నయమైంది" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. క్రిమి చచ్చింది అన్నది ఒకటి. మనిషి మునుపటిలా అయ్యాడు అన్నది రెండోది. మీకు ఇచ్చిన కాగితం మొదటిదానికి. రెండోదానిని ఎవరూ కొలవలేదు. ఇల్లంటుకుంటే నిప్పు ఆర్పినవాడు గొప్పవాడే. కాని కాలిపోయిన దూలాన్ని అతను తిరిగి మొలిపించలేడు. నిప్పు ఆరిందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఇల్లు ఎంత మిగిలిందన్నది మరొక ప్రశ్న.

ఈ రెండో ప్రశ్న కొత్తది కాదు. లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846లో ఊపిరిని కొలిచే యంత్రాన్ని లోకానికి చూపించాడు. నీళ్ళలో బోర్లించిన గంటలాంటి పాత్రలోకి మనిషి గొట్టంతో ఊదితే, పాత్ర ఎంత పైకి లేచిందో అంత అతని ఊపిరి. నావికులనూ, పోలీసులనూ, కుస్తీవాళ్ళనూ, మరుగుజ్జులనూ, దొరలనూ, దిక్కులేనివాళ్ళనూ కలిపి రెండు వేలమందికి పైగా ఊదించాడు. మనిషి ఎత్తు పెరిగినకొద్దీ ఊపిరి ఒక క్రమంలో పెరుగుతుందని కనిపెట్టాడు. దానికి అతను పెట్టిన పేరుకు ప్రాణసామర్థ్యం అని అర్థం చెప్పుకోవచ్చు. అతని దగ్గరికి ఫ్రీమన్ అనే అమెరికా మల్లయోధుడు 1842లో వచ్చాడు. ఏడడుగులకు కొంచెం తక్కువ ఎత్తు. ఊదితే 434 ఘనపుటంగుళాలు, అంటే ఏడు లీటర్లపైన. రెండేళ్ళ తరువాత మళ్ళీ ఊదిస్తే ఆ అంకె బాగా పడిపోయింది. 1845లో ఆ మహాకాయుడు క్షయతోనే పోయాడు. హచిన్సన్ దృష్టిలో ఈ యంత్రం ముఖ్యమైన ఉపయోగమే అది. ఛాతీకి గొట్టం పెట్టి వినే చెవి కంటే ముందుగా, ఊదిన అంకె జబ్బు జాడ చెబుతుందని అతని ఆశ.

తరువాతి కాలంలో చిత్రం జరిగింది. మందులు లేని రోజులలో వైద్యులు ఊపిరిని కాపాడడం కాక, చేజేతులా తగ్గించవలసి వచ్చింది. జబ్బు ఉన్న ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తే గుల్ల మూసుకుంటుందని, పక్కటెముకల సందున సూది పెట్టి గాలి ఎక్కించి దాన్ని అణిచేవారు. ఇటలీ దేశపు కార్లో ఫోర్లానీని చూపిన మార్గం అది. అప్పటికీ లొంగకపోతే పక్కటెముకలే కొన్ని తీసివేసి ఆ వైపు ఛాతీని కుంగదీసేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి సానటోరియంలలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతితోపాటు ఈ చికిత్సలూ జరిగేవి. ఆ రోజుల్లో అంతకంటే మార్గం లేదు. ప్రాణం దక్కించుకోవడానికి ఊపిరిలో కొంత చెల్లించడం అన్నమాట. అలా బతికి బట్టకట్టిన కొందరికి ఇరవై ముప్పై ఏళ్ళ తరువాత ఆయాసం ముదిరి ఆక్సిజన్ అవసరమైంది.

1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. మన పొరుగున మద్రాసులో 1956లో ఒక గొప్ప పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది పేద రోగులను చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును సానటోరియంలో ఉంచి, మరో జట్టుకు వారి ఇరుకు ఇళ్ళల్లోనే మందిచ్చి చూశారు. 1959లో ప్రకటించిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఇంట్లో ఉండి మందు వాడినవారూ సానటోరియంవారితో సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవారికి అంటుకోవడం కూడా అందువల్ల పెరగలేదు. మంచంమీద ఏళ్ళతరబడి పడుకోవలసిన అవసరం ఆ ఫలితంతో తీరిపోయింది. నేడు ఆరు నెలల మాత్రలతో ఇంటిపట్టునే నయమవుతున్నారంటే ఆ పుణ్యం కొంత మద్రాసుదే.

కాని ఈ విజయంలో ఒక వెలితి ఉండిపోయింది. క్షయ రిజిస్టరులో నయమైనవారు, మందు పూర్తిచేసినవారు, మధ్యలో మానినవారు, మందుకు లొంగనివారు, పోయినవారు అని గళ్ళు ఉంటాయి. మెట్లు ఎక్కగలడా అన్న గడి లేదు. మందు ముగిసిననాటితో లెక్క ముగిసిపోతున్నది. ఈ వెలితి గురించి మాట్లాడుకోవడానికే 2019లో దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్‌లో పలు దేశాల వైద్యులు మొదటిసారి సమావేశమయ్యారు. క్షయ తరువాత మిగిలే ఊపిరితిత్తుల జబ్బును ఒక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించాలన్నారు.

ఇది ఎందరికి మిగులుతుంది? ఆఫ్రికాలోని మలావీ దేశంలో బ్లాంటైర్ పట్టణాన మందు పూర్తిచేసిన 405 మందిని పరీక్షించి 2020లో వివరాలు ప్రకటించారు. మూడింట ఒక వంతుకు ఊదే పరీక్షలో లోటు కనిపించింది. సగానికి పైగా మనుషులకు దగ్గో ఆయాసమో ఇంకా ఉంది. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసేవారు 27,660 మంది లెక్కలు అంతకుముందు 2000లో వచ్చాయి. ఊపిరి గణనీయంగా తగ్గినవారు, క్షయ ఒకసారి వచ్చినవారిలో నూటికి 18, రెండుసార్లు వచ్చినవారిలో 27, మూడు లేక అంతకుమించి వచ్చినవారిలో 35. గని దుమ్ము తినేవారి లెక్క మనందరికీ యథాతథంగా వర్తించదు. అయినా అందులో రెండు పాఠాలున్నాయి. ఊపిరి ఎక్కువగా పోయేది జబ్బు పట్టుకున్న మొదటి ఆరు నెలల్లో. ఏడాది దాటాక ఆ నష్టం ఒకచోట నిలబడుతుంది. రెండోది, జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ గాదెలోంచి ఇంకొక వాటా పట్టుకుపోతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. జబ్బు పోయినట్టా, పోనట్టా?

ఎక్స్‌రేలో మచ్చ ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చిన్నప్పుడు మశూచి వచ్చిన మొహాన మచ్చలు చివరిదాకా ఉండేవి. ఆ మనిషికి మశూచి ఉన్నట్టా? క్రిమి ఉందో లేదో చెప్పవలసింది కళ్ళె. మీ వారిని ప్రభుత్వ క్షయ కేంద్రానికి తీసుకువెళ్ళి కళ్ళె పరీక్ష చేయించండి. అయితే ఒక మెలిక చెప్పాలి. ఇప్పుడు చేసే యంత్ర పరీక్ష క్రిమి తాలూకు జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. క్షయ వచ్చి తగ్గినవారిలో చచ్చిన క్రిముల శకలాలను కూడా అది ఒక్కొక్కప్పుడు పట్టుకోవచ్చు. అందుకే ఇలాంటివారి విషయంలో క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష అవసరం కావచ్చు. చచ్చినవి పెరగవు కదా! దాని ఫలితానికి కొన్ని వారాలు ఆగాలి. మందు ముగిశాక కూడా రెండేళ్ళపాటు ఆరు నెలలకొకసారి చూపించుకోవాలని మన దేశపు క్షయ కార్యక్రమం నియమాలలోనే ఉన్నది. కనుక సంకోచించకుండా వెళ్ళండి.

సాయంత్రం వేళ జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కళ్ళెలో నెత్తురు, దగ్గు రోజురోజుకూ ఎక్కువ కావడం, వీటిలో ఏది కనిపించినా ఒక్క రోజు కూడా ఆగవద్దు. తిరగబెట్టడం నిజంగానే ఉంటుంది. ఉట్టి ఆయాసం మాత్రమే ఉండి, ఏడాదిగా ఒకేరకంగా ఉంటే, అది మచ్చ పుణ్యమై ఉండడానికే అవకాశం ఎక్కువ. రక్తహీనత, గుండె, ఉబ్బసం, పొగతాగడం, ఇవీ ఆయాసం తెప్పిస్తాయి గనుక వాటినీ చూడమనండి. పరీక్ష లేకుండా రెండోసారి మాత్రలు మింగిస్తే కాలేయానికో కంటికో హాని జరగవచ్చు. పైగా ఆయాసానికి అసలు కారణం అలాగే ఉండిపోతుంది. ఒక మాట మాత్రం ఖండితంగా చెబుతున్నాను. ఇది చదివి ఎవరూ వాడుతున్న మాత్రలు ఆపవద్దు. కళ్ళె ఫలితం చేతిలో పెట్టుకుని వైద్యుణ్ణి అడిగి, ఆపైన ఏది చేయాలో అది చేయండి.

కళ్ళెలో క్రిములు లేవని తేలితే అప్పుడు చేయవలసింది ఊదే పరీక్ష. స్పైరోమీటర్ పరీక్ష అని అడగండి. ఛాతీ వైద్యుల దగ్గర, పెద్దాసుపత్రులలో ఉంటుంది. ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టం చుట్టూ పెదవులు బిగించి, గుండెల నిండా పీల్చి, ఒక్కసారిగా బలంకొద్దీ ఊది, ఇక చాలు అనేవరకు ఆపకుండా ఊదాలి. ఇలా కనీసం మూడుసార్లు. సూది లేదు, నెత్తురు తీయడం లేదు. కాని ఊదేవాడు మనసు పెట్టి ఊదకపోతే అంకె అబద్ధం చెబుతుంది. క్రిములు ఉన్న రోజుల్లో, నెత్తురు పడుతున్న రోజుల్లో ఈ పరీక్ష చేయకూడదు.

పరీక్ష రెండు ముఖ్యమైన అంకెలు ఇస్తుంది. మొత్తం ఎంత ఊదాడు అన్నది ఒకటి. అందులో మొదటి సెకండులోనే ఎంత వచ్చింది అన్నది రెండోది. మన ఇంటి కూజాను తలుచుకోండి. కూజా పెద్దదే, మెడ సన్నం అనుకోండి. నీళ్ళన్నీ వస్తాయి గాని నెమ్మదిగా వస్తాయి. అలాగే గాలిగొట్టాలు సన్నబడినవాడు మొదటి సెకండులో ఊదవలసినంత ఊదలేడు. మొత్తంలో నూటికి 70 వంతుల కంటే తక్కువ వస్తే గొట్టాలలో అడ్డు ఉన్నదని అనుమానించాలి. అలా కాక కూజాయే చిన్నదనుకోండి. నీళ్ళు గబగబా వస్తాయి గాని వెంటనే అయిపోతాయి. మచ్చవల్ల, మందమైన పొరవల్ల ఊపిరితిత్తి కుంచించుకుపోయినవాడి సంగతి అది. క్షయ తరువాత ఈ రెండూ కనిపిస్తాయి. కొందరిలో రెండూ కలిసే ఉంటాయి. పీల్చే మందు ఇచ్చి పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తారు. అప్పుడు అంకె పెరిగితే ఆ మందువల్ల ఉపయోగం ఉంటుందని ఆశ.

యంత్రం దగ్గరలో లేకపోతే నడక ఉన్నది. చదునైన వరండాలో ఆరు నిమిషాలు తనంతట తాను నడవమని, ఎన్ని మీటర్లు నడిచాడో లెక్కపెట్టడం. వేలికి క్లిప్పు తగిలించి నెత్తురులో ఆక్సిజన్ ముందూ వెనుకా చూస్తారు. వైద్యుని ఎదుటే చేయవలసిన పరీక్ష ఇది. ఊదే పరీక్ష ఊపిరితిత్తిని కొలుస్తుంది, ఇది మనిషిని కొలుస్తుంది.

మీ రెండో ప్రశ్న పిల్లవాడి గురించి. కళ్ళెలో క్రిములు లేవని తేలిన తండ్రి పక్కన పిల్లవాడు నిక్షేపంగా పడుకోవచ్చు. మచ్చ అంటుకోదు. ఆయాసం అంటుకోదు. మరొక సంగతి అత్తగారికి మెల్లగా చదివి వినిపించండి. క్షయ గ్లాసు ద్వారా, కంచం ద్వారా అంటుకునే జబ్బు కాదు. అది దగ్గినప్పుడు గాలిలో కలిసి, గాలితోనే లోపలికి పోతుంది. జబ్బు ఉన్న రోజుల్లో అవసరమైనవి నోటికి గుడ్డ, తెరిచిన కిటికీ, మందు. వేరు కంచం కాదు. ఆవిడను తప్పు పట్టకండి. క్షయ పేరు చెబితే ఇల్లు ఖాళీ అయిన కథలు విని పెరిగిన తరం ఆవిడది. మనవడిమీది ప్రేమే అలా కంచం రూపంలో బయటపడింది. కళ్ళె ఫలితం కాగితం ఆవిడ చేతికే ఇవ్వండి. కోడలి మాట కంటే కాగితం మాట పెద్దవాళ్ళకు తొందరగా ఎక్కుతుంది!

మూడోది ఉద్యోగం. కొలవకుండా మానిపించవద్దు, కొలవకుండా కొనసాగించవద్దు అని నా జవాబు. గొట్టాలు సన్నబడినట్టు తేలితే పీల్చే మందులు ఉన్నాయి. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అని భయపడేవారు చాలామంది. కళ్ళజోడు అలవాటైపోతుందని ఎవరైనా గుడ్డిగా తిరుగుతారా? కళ్ళె నిలవ ఉండేవారికి, ఏ భంగిమలో కూర్చుని లేక పడుకుని దాన్ని పొద్దున్నే వెళ్ళగొట్టాలో నేర్పుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది నడక. ఆయాసం వస్తుందని కూర్చుంటే కాళ్ళ కండలు చిక్కిపోతాయి. చిక్కిన కండలు అదే పనికి ఎక్కువ ఊపిరి అడుగుతాయి. అప్పుడు ఆయాసం ఇంకా పెరుగుతుంది. వైద్యుని సలహాతో రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోతే, పోయిన ఊపిరితిత్తి తిరిగి రాకపోయినా, ఉన్న ఊపిరి ఎక్కువ దూరం వస్తుంది. దారిద్ర్యంలో ఉన్న ఇల్లాలు పొదుపుగా గడుపుకొచ్చినట్టు.

మెట్లెక్కేటప్పుడు ఒక చిన్న ఉపాయం ఉంది. ముక్కుతో పీల్చి, వేడి కాఫీని చల్లార్చేటట్టు పెదవులు ముడిచి నెమ్మదిగా వదలాలి. కాలు పైకి ఎత్తేటప్పుడు వదలాలి, నిలబడ్డప్పుడు పీల్చాలి. నాలుగు తానులు ఒకేసారి కాక రెండేసి చొప్పున దింపుకోవాలి. బీడీ, సిగరెట్టు ఉంటే ఈ రోజే చివరిది కావాలి. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ కూడా ఊపిరి శత్రువులే. ఫ్లూకూ, న్యుమోనియాకూ టీకాలు ఉన్నాయి, వాటి సంగతి వైద్యుణ్ణి అడగండి. ఊపిరితిత్తులను కడిగి శుభ్రం చేస్తామంటూ అమ్మే పొడులకు డబ్బు తగలేయకండి. ఆ డబ్బుతో పప్పు, గుడ్డు, పాలు కొనండి.

యజమానికి మీరు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. "ఇతని జబ్బు అంటుకునేది కాదు, పని చేయగలడు, బరువుతో మెట్లెక్కే పని మాత్రం తగ్గించండి" అని వైద్యుని చేత ఒక ఉత్తరం రాయించండి. తానులు మోసేవాడు దొరకడం కష్టం కాదు. ఏ తాను ఎక్కడుందో, ఏ ఖాతాదారుకు ఏ రంగు నచ్చుతుందో తెలిసిన గుమాస్తా దొరకడమే కష్టం. ఆ మాట యజమానికి తెలియనిది కాదు. ఎవరో ఒకరు గుర్తుచేయాలి. కొట్టులో కింద కౌంటరు ఉంటుంది కదా!

ఈ ఉత్తరంతో నిమిత్తం లేని పాఠకులకు రెండు మాటలు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. జలుబనీ, వేడి చేసిందనీ దగ్గు మందులతో కాలక్షేపం చేసిన ప్రతి వారమూ ఊపిరితిత్తిలోంచి చెల్లించవలసిందే. అది తరువాత ఏ మాత్రలూ తిరిగి ఇవ్వవు. క్షయ అని తేలితే ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. 2024 నవంబరు నుంచి మందు వాడే రోజులలో తిండి కోసం నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నది. తీసుకోవడానికి నామోషీ పడనక్కరలేదు. ఇక కుదిరిందని మూడో నెలలో మందు ఆపకండి. తిరగబెట్టిన జబ్బు మొదటిదానికంటే ఖరీదైనది. మందు ముగిసిన రోజున, పాయసం వండుకునే ముందో తరువాతో, "ఇప్పుడు నా ఊపిరి ఎంత?" అని కూడా వైద్యుణ్ణి అడగండి.

అమ్మా, కళ్ళె ఫలితం వచ్చాక మీ వారిని ఊదించండి. ఆ రెండు అంకెలూ, మీ వారి ఎత్తూ ఒక కార్డుమీద రాసి పంపండి. తరువాత ఏం చేయాలో చూద్దాం.